హక్కుదారు చిరునామా

సమాధుల తోట ఆఫీసులో రెండే గదులు. ముందు గదిలో జనం వచ్చి నిలబడే బల్ల, దాని వెనక సూపరింటెండెంటు గారి కుర్చీ. వెనక గదిలో ఇనుప బీరువాలు, స్కానరు, రెండు కంప్యూటర్లు, గోడకి ఆనించిన, ఉపగ్రహంతో చోటు గుర్తించే ఒక పొడుగాటి కొలత కర్ర. ఆ గదిలో పనిచేసే ఆవిడని అందరూ మ్యాపమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది గోతులు తవ్వే పెద్దాయన. ఎండలో ఆ కర్ర పట్టుకుని ప్రతి సమాధి తల దగ్గరా, అది కుయ్యిమని కూసేదాకా కదలకుండా నిలబడేది కదా, అది చూసి ఆయన "మ్యాపమ్మ వచ్చింది, లేచి హాజరు పలకండి" అని సమాధుల్లో ఉన్నవాళ్ళకి కేకేసేవాడు.

ఇంట్లో మాత్రం ఆమె చెల్లెలు. అక్క, అక్క కూతురు పాప, తను, ముగ్గురే ఉంటారు. తల్లి పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ కూడా ఈ తోటలోనే పడమటి గోడ పక్కన ఉంది.

అక్క సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. "మా అక్కకి భర్త లేడండీ" అని ఒకసారి చెప్పింది. లేడంటే పోయాడనుకున్నారు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకుంది. బావ బతికే ఉన్నాడు, చాలా దూరంలో వేరే ఊళ్ళో. చంటిపిల్లని ఎత్తుకుని అక్క అక్కణ్ణించి బయటపడేనాటికి ఆమె కుడిచేతి రెండు వేళ్ళు వంగడం మానేశాయి. ఫోనులో ఎవరితోనో నవ్వుతోందని, ఆ చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. అక్క నవ్వుతున్నది చెల్లెలితోనే. అవతల ఫోను పట్టుకుని ఆ అరుపు విన్నది చెల్లెలే.

ఆ తర్వాత వాళ్ళు ఊరు మారారు, ఫోన్లు మార్చారు, చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారు. అక్క ఇంట్లోనే మిషను మీద కర్టెన్లు కుట్టి దుకాణాలకి ఇస్తుంది. వంగని వేళ్ళతోనే కుడుతుంది.

కాగితాల మీదున్న తోటనంతా కంప్యూటర్లోకి ఎక్కించే పని చెల్లెలికి వచ్చినప్పుడు అక్కే ఎక్కువ సంతోషించింది. పని కష్టమైనదే. పాత పటాలు గుడ్డ మీద అతికించినవి. విప్పితే మడతల దగ్గర పిండిలా రాలేవి. ఒక్కో సమాధికి తెర మీద ఒక్కో గడి గియ్యాలి. గడి నొక్కితే వివరాలు రావాలి. పోయినవాళ్ళ పేరు, తేదీ, హక్కుదారు, అంటే ఆ స్థలం ఎవరి పేరున ఉందో వాళ్ళు, వాళ్ళ చిరునామా, ఫోను. వీటిలో ఏది ఖాళీగా ఉన్నా గడి ఎర్రగా వెలిగేది. అన్నీ నిండితే పచ్చబడేది. ఎర్రవి మిగలకూడదని సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు గట్టిగా చెప్పారు.

తల్లి గడి ఎర్రగా ఉండేది. ఖననం రోజున అక్క చిరునామా రాయించలేదు. "ఇల్లు మారుతున్నాం, తర్వాత ఇస్తాను" అని తప్పించుకుంది. ఊళ్ళో అందరి గడులూ పచ్చగా చేస్తూ మా అమ్మది ఇలా వదిలేస్తానా అనుకుంది చెల్లెలు. వీధి, ఇంటి నంబరు, మూడో అంతస్తు, ఎడమ వాటా, అన్నీ కొట్టింది. ఇది ఆఫీసు లోపల చూసుకునే లెక్కే అనుకుంది. గడి పచ్చబడింది. ఆ పూట హాయిగా టీ తాగింది.

మ్యాపుని జనం చూసేలా తెరిచిన వారంలోనే ఆ ఫోను వచ్చింది.

"నమస్కారం అమ్మా. సమాధుల తోట ఆఫీసేనా?"

మెత్తటి గొంతు. పట్టుగుడ్డ మీద వేలు రాస్తున్నట్టు ఉండే గొంతు. చెల్లెలి చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

"మీరు పెట్టిన మ్యాపు చూశానండీ. ఎంత మంచి పని చేశారు. మా అత్తగారు మీ దగ్గరే ఉన్నారని నాకు తెలియనే తెలియదు. ఒక్క విషయం కనుక్కుందామని చేశాను, సరేనా?"

సరేనా. ప్రతి మాట చివరా అదే. పెళ్ళయిన కొత్తలో అక్కాచెల్లెళ్ళు ఆ మాటని వెక్కిరించుకుని నవ్వుకునేవాళ్ళు. తర్వాత తర్వాత అక్క ఆ మాట వినపడితే ఉలిక్కిపడేది.

"చెప్పండి," అంది చెల్లెలు, గొంతు బొంగురు చేసుకుని.

"హక్కుదారు అని మా ఆవిడ పేరుంది. చిరునామా కూడా ఇచ్చారు. అది ఇప్పటిదేనా, పాతదా? ఊరికే తిరగడం ఎందుకని అడుగుతున్నా. ఇప్పుడే బస్సు దిగాను."

"పాతదండీ."

"నేనింకా పేరు చెప్పలేదు కదమ్మా," అన్నాడు. "ఎవరిదో చూడకుండానే పాతదని ఎలా తెలిసింది?"

చూసి చెప్తాను అందామనుకుంది. ఈలోగా అతనే అందుకున్నాడు.

"ఉండనివ్వండి," అని నవ్వాడతను. "దగ్గరే అంటున్నారు ఇక్కడ. వెళ్ళి చూస్తాను, సరేనా?"

ఫోను పెట్టేశాడు. చెల్లెలు తన ఫోనులో మ్యాపు తెరిచింది. ఆఫీసు కంప్యూటర్లో కాదు, ఊళ్ళో అందరికీ కనపడే పేజీలో. పడమటి గోడ పక్కన వేలు పెట్టి నొక్కింది. తల్లి పేరు వచ్చింది. దాని కింద అక్క పేరు. దాని కింద ఇల్లు. మూడో అంతస్తు, ఎడమ వాటా.

అక్కకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అక్క ఫోను ఎప్పుడూ వంటింట్లో ఛార్జింగులో ఉంటుంది. మిషను తిరుగుతుంటే ఏమీ వినపడదు.

చిరునామా చెరిపేసింది. గడి ఎర్రబడింది. కానీ ఫోనులో చూస్తే బయటి పేజీలో అలాగే ఉంది. కంపెనీ ఇంజినీరుకి చేసింది.

"మేడమ్, మీరు మార్చింది బయట కనపడాలంటే రేపు పొద్దున్నే. రోజుకి ఒక్కసారే పంపిస్తాం."

"ఇప్పుడే తీసెయ్యండి. మొత్తం పేజీ తీసెయ్యండి."

"మేము తియ్యలేమండీ. మీ సూపరింటెండెంటు గారు రాసి పంపాలి. ఏమిటి సమస్య, తప్పు పడిందా?"

"తప్పు కాదు," అంది చెల్లెలు. "సరిగ్గానే పడింది."

ముందు గదిలో సూపరింటెండెంటు గారు ఒక కుటుంబానికి స్థలాలు చూపిస్తున్నారు. ఏది అడిగినా "తర్వాత చూద్దాం" అనే మనిషి. అందుకని వెనకాల అందరూ తర్వాతగారు అంటారు. చెల్లెలు ఆయన ముందు నిలబడింది. అక్క సంగతి ఇన్నాళ్ళూ దాచింది. ఇప్పుడు ఇంతమందిలో ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఇంటికెళ్ళాలండీ."

"ఏమైందమ్మాయ్? మొహం అలా ఉందేం?"

"తర్వాత చెప్తాను," అని గేటు వైపు పరుగెత్తింది.

బస్సులో కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడింది. ఎక్కిన ప్రతి మగవాడి మొహమూ చూసింది. బావని చూసి చాలా ఏళ్ళయింది. జుట్టు నెరిసిందో, లావయ్యాడో, ఎలా ఉంటాడో తెలియదు. ఎదురుగా నిలబడ్డా గుర్తుపట్టలేనేమో అనుకుంటే అరికాళ్ళలో చెమట పట్టింది. ఈలోగా అక్కకి చేస్తూనే ఉంది. మోగుతూనే ఉంది.

మెట్లెక్కుతుంటే మిషను చప్పుడు వినపడింది. ఆ చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది. తలుపు బాదింది.

అక్క తలుపు తీసింది. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉంది. భుజం మీద నీలం కర్టెన్ గుడ్డ.

"అక్కా, బావ ఊళ్ళోకి వచ్చాడు. మన ఇల్లు తెలుసు."

అక్క అరవలేదు. పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అన్నీ వేశాక అడిగింది.

"ఎలా తెలుసు?"

"మ్యాపులో ఉంది. అమ్మ గడిలో. నేనే కొట్టాను."

అక్క చెల్లెలి వైపు చూసిన చూపు ఆ తర్వాత ఎన్నోసార్లు గుర్తొచ్చింది ఆమెకి. అందులో కోపం లేదు. ఇక్కడ కూడానా అన్నట్టుంది.

"చెప్పులేసుకో," అంది అక్క. స్టూలెక్కి అటక మీంచి ఒక సంచి దించింది. చెల్లెలు ఆ సంచి ఎప్పుడూ చూడలేదు. కట్టుకోవడానికి సిద్ధంగా మడిచి పెట్టిన బట్టలు, పాప పుట్టిన కాగితం, అన్నీ ఉన్నాయందులో. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, అక్క ఇలా సర్దుకుని కూర్చుందని తనకి తెలియదు.

"పాపని బడి దగ్గరే పట్టుకుని అటే వెళ్ళిపోదాం," అంది అక్క.

తలుపు దగ్గరికి లాగి రెండో అంతస్తు దాకా దిగారో లేదో, కింద గుమ్మం దగ్గర మాటలు వినపడ్డాయి. కింద గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. కొట్టాయన గొంతు: "కర్టెన్లు కుట్టే ఆవిడేనా? పైన, మూడో అంతస్తు."

"చాలా సంతోషమండీ. వెళ్ళి చూస్తాను, సరేనా?"

ఇద్దరూ వెనక్కి తిరిగి, చప్పుడు కాకుండా మెట్లెక్కారు. తమ ఇంట్లోకి వెళ్తే బోనులోకి వెళ్ళినట్టే. చెల్లెలు ఎదురు వాటా తలుపు గోళ్ళతో గీకింది. అందులో ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరైన నర్సమ్మ ఒక్కతే ఉంటుంది. తలుపు తెరిచి ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా పక్కకి జరిగింది. వాళ్ళు లోపలికి దూరగానే గొలుసు పెట్టి గడియ వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది అక్కకి. "తాళం వెయ్యలేదే," అంది పెదాలు మాత్రమే కదిపి.

తలుపుకున్న చిన్న అద్దంలోంచి చెల్లెలు చూసింది. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. ఒక చేతిలో పూలగుత్తి, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో చూసి, గుమ్మం మీది నంబరు చూసి, తల ఊపాడు. ముసలాడు కాలేదు. ఏమీ మారలేదు.

తట్టాడు. చాలా మర్యాదగా, వేలి కణుపుతో.

"నేనే. తలుపు తియ్యి. కోపం లేదు నాకు, సరేనా?"

కాసేపు ఆగి తలుపు తోశాడు. తెరుచుకుంది. లోపలికి వెళ్ళాడు.

రెండు ఇళ్ళకీ మధ్య ఒకే గోడ. మొదట అడుగులు వినపడ్డాయి. తర్వాత ఫ్యాను స్విచ్చు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మిషను చక్రం చేత్తో తిప్పిన చప్పుడు, నెమ్మదిగా, ఒక్కొక్క చుట్టూ. ఆ చప్పుడుకి అక్క చెవులు మూసుకుని గోడవారన కూలబడింది.

"ఎవరతను?" అని నర్సమ్మ గుసగుసగా అడిగింది.

"అక్క మొగుడండీ. చంపేస్తాడు," అంది చెల్లెలు.

నర్సమ్మ అక్క కుడిచెయ్యి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ వేళ్ళని చూస్తూనే ఉంది, అడగలేదు. ఫోను తీసి పోలీసులకి చేసింది. భర్త వచ్చాడని చెప్తే, వచ్చి ఏం చేశాడని అడిగి, మీలో మీరు మాట్లాడుకోండి అంటారని ఆవిడకి ఆసుపత్రి అనుభవం. అందుకని వణుకుతున్న గొంతుతో, "ఎదురింట్లో ఎవరూ లేని సమయం చూసి దొంగ దూరాడు బాబూ, లోపలే ఉన్నాడు, నేను ముసలిదాన్ని ఒంటరిగా ఉన్నాను," అంది. వణుకు మాత్రం నటన కాదు.

"పాప," అంది అక్క హఠాత్తుగా. "పాప దగ్గర ఇంటి తాళంచెవి ఉంది. బడి వదిలితే నేరుగా వచ్చేస్తుంది. వాణ్ణి గుర్తుపట్టదు."

చెల్లెలు స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి సూపరింటెండెంటు గారికి ఫోన్ చేసింది. నీళ్ళ చప్పుడులో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇన్నేళ్ళూ దాచిందంతా చెప్పేసింది. "మా బావ పోలేదండీ, బతికే ఉన్నాడు. మ్యాపులో చూసి వచ్చాడు. ఇప్పుడు మా ఇంట్లో కూర్చున్నాడు."

ఆయన మధ్యలో ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. చివర్లో, "పాప బడి పెద్ద పోస్టాఫీసు వెనకాలదేనా?" అన్నారు.

"అదేనండీ. మీరు వెళ్ళినా వాళ్ళు పంపరు. కొత్తవాళ్ళతో పంపరు."

"పంపకపోతే మంచిదే. అక్కడే కూర్చుంటాను," అని పెట్టేశారు.

ఆమె బయటికి వచ్చేసరికి గంట మోగింది. నర్సమ్మ ఇంటి గంట.

అక్క వంటింటి తలుపు వెనక్కి జరిగింది. చెల్లెలు ఆమె పక్కనే నక్కింది. నర్సమ్మ గొలుసు తియ్యకుండా తలుపు కొంచెం తెరిచింది.

"నమస్కారమండీ. ఎదురింటివాళ్ళు ఎప్పుడొస్తారో తెలుసా?"

"తెలియదు. ఊరెళ్ళారనుకుంటాను."

"ఊరెళ్ళారా?" అన్నాడు బావ. "మిషను దీపం వెలుగుతోందండీ. బల్బు ముట్టుకుంటే చెయ్యి కాలింది."

అతను కిందికి చూశాడు. గుమ్మం లోపల పక్కపక్కనే మూడు జతల చెప్పులు.

"మీకు పాదాలు చాలా ఉన్నట్టున్నాయి," అన్నాడు.

కుళాయి సరిగ్గా కట్టినట్టు లేదు, చుక్క చుక్కా పడుతున్న చప్పుడు.

అతను తలుపు సందుకి మొహం దగ్గరగా పెట్టాడు. మాట్లాడింది నర్సమ్మతో కాదు.

"నువ్వు విశ్రాంతి తీసుకో. గోడ మీద పాప బడి ఫొటో ఉంది. బడి పేరు కూడా వేశారు. ఎంత పెద్దదయిందో! వదిలే వేళయింది కదా. నేను వెళ్ళి తీసుకొస్తాను, సరేనా?"

మెట్లు దిగుతున్న అడుగులు. తొందరేమీ లేని అడుగులు.

అంతవరకూ వంటింటి తలుపు వెనక నక్కి ఉన్న అక్క లేచింది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. గొలుసు తియ్యడానికి కుడిచేతి వేళ్ళు సహకరించక ఎడమచేత్తో లాగి, చెప్పులు కూడా లేకుండా మెట్ల మీద పడి పరుగెత్తింది. వెనకాలే చెల్లెలు. భయం తగ్గి కాదు. అక్క పళ్ళు టకటకమని కొట్టుకోవడం వెనకున్న చెల్లెలికి వినపడుతూనే ఉంది.

మొదటి అంతస్తు మలుపులో అతనికి ఎదురుగా ఇద్దరు పోలీసులు ఎక్కుతున్నారు.

"దొంగ ఎక్కడ?" అన్నాడు ముందున్నవాడు.

"వీడే," అంది అక్క పైమెట్టు మీంచి.

బావ వెనక్కి తిరిగి చూశాడు. ఇన్నేళ్ళ తర్వాత భార్యని చూసి, పార్కులో ఎదురుపడ్డవాడిలా నవ్వాడు. "పొరపాటండీ. నా భార్య. కొంచెం మనసు బాగాలేదు తనకి."

పోలీసు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "భార్యాభర్తలా? మరి దొంగ అన్నారే?"

"నేను లేనప్పుడు నా ఇంట్లో దూరాడు," అంది అక్క. "నేను రమ్మనలేదు. ఇప్పుడు బడికి వెళ్ళి పిల్లని ఎత్తుకుపోతానన్నాడు. ఇదిగో, ఇది వీడు చేసిందే." కుడిచెయ్యి పోలీసు మొహం ముందు పెట్టింది. పైనుంచి నర్సమ్మ కూడా దిగొచ్చి, నేను విన్నాను, సాక్ష్యం చెప్తాను అంది.

పోలీసు నిట్టూర్చి, "స్టేషనుకి రండి, అక్కడ తేల్చుకుందాం," అని బావ మోచెయ్యి పట్టుకున్నాడు. అతను గింజుకోలేదు. వెళ్తూ వెళ్తూ పూలగుత్తి మెట్టు మీద జాగ్రత్తగా పెట్టాడు.

స్టేషనుకి తర్వాత వస్తామని చెప్పి అక్కాచెల్లెళ్ళు బడి దగ్గరికి వెళ్ళేసరికి పిల్లలంతా వెళ్ళిపోయారు. వరండాలో బెంచీ మీద పాప, పక్కన సూపరింటెండెంటు గారు. వాళ్ళిద్దరికీ కాపలాగా బడి ఆయా నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. తన మాట నమ్మకుండా తననే అనుమానంగా చూసిందని ఆయన ఆ తర్వాత చాలాసార్లు మెచ్చుకుంటూ చెప్పారు.

"అమ్మా, చెప్పులేవీ?" అంది పాప.

అక్క సమాధానం చెప్పలేదు. పాపని కావిలించుకుని, పిల్లకి ఊపిరాడక తన్నుకునేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రమే సూపరింటెండెంటు గారు కంపెనీకి రాసి, ఇంజినీరు ఫోను ఎత్తేదాకా చేసి, పేజీ మొత్తం మూయించారు. మర్నాటి నుంచి చెల్లెలు ఒక్కో గడీ తెరిచి బతికున్నవాళ్ళ వివరాలు తీసేస్తూ కూర్చుంది. పేజీలో ఫలానా చిరునామా ఎవరు చూశారో తెలుసుకునే దారి లేదని ఇంజినీరు చెప్పాడు. ఆ మాట విన్నాక ఆమెకి అన్నం సయించలేదు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళ పేర్లు తెర మీదకి వచ్చినప్పుడల్లా ఆగి, వీళ్ళ తలుపు ఎవరు తట్టబోతున్నారో అనుకునేది. కొందరికి ఫోన్ చేసి జరిగిన పొరపాటు చెప్పింది. ఒకావిడ మాట పూర్తికాకుండానే ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఆ నంబరు పనిచెయ్యలేదు.

పోలీసులు బావ చేత ఇంకెప్పుడూ రానని కాగితం రాయించుకుని వదిలేశారు. అది విన్న రోజే అక్క నిర్ణయం చేసుకుంది. సూపరింటెండెంటు గారి భార్య వాళ్ళని తమ ఇంట్లో ఉంచుకుంది. అక్కడే సంచి మళ్ళీ సర్దుకుంది అక్క.

"ఎక్కడికి?" అంది చెల్లెలు.

"చెప్పను."

"నాకు కూడానా?"

"నీకే చెప్పకూడదు," అంది అక్క. తిట్టినట్టు కాదు, జ్వరమొచ్చిన పిల్లకి చెప్పినట్టు చెప్పింది. "వాడు ముందు నీ దగ్గరికే వస్తాడు. నీకు తెలియకపోతే నీ మొహం చూసి వాడికే తెలుస్తుంది, తెలియదని. అదే నీకు మంచిది."

చెల్లెలు ఏడ్చింది. ఇదంతా నావల్లేగా, నన్ను క్షమించవా అంది.

"క్షమించడానికేముంది? నువ్వు కావాలని చేశావా?" అని తల నిమిరింది అక్క. కానీ చెప్పలేదు. వెళ్ళేముందు తల్లి సమాధి హక్కు చెల్లెలి పేరున మార్చి సంతకం పెట్టింది. చెల్లెలు తమ పాత వాటాకే తిరిగొచ్చింది.

అక్క చెప్పినట్టే అతను ఆఫీసుకి వచ్చాడు. మధ్యాహ్నం, బల్ల దగ్గర ఎవరూ లేని వేళ. చెల్లెల్ని చూడగానే గుర్తుపట్టి, "మరదలా! ఆ రోజు ఫోనులో నువ్వేనా? నేను అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు.

చెల్లెలు బల్ల అంచు పట్టుకుంది. వెనక గదిలోంచి సూపరింటెండెంటు గారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"అక్క ఎక్కడుంది?"

"తెలియదు."

అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తలెత్తి చూడనిచ్చింది. దాచడానికి ఏమీ లేకపోవడం ఎంత బాధో, ఎంత రక్షణో ఆ క్షణంలో తెలిసింది ఆమెకి.

"నిజంగానే తెలియదు నీకు," అన్నాడు చివరికి, కొంచెం నిరాశగా. "పరవాలేదు. మీ మ్యాపు మళ్ళీ తెరుస్తారుగా, సరేనా?"

గోతులు తవ్వే పెద్దాయన పార భుజాన వేసుకుని అతన్ని గేటు దాకా సాగనంపాడు. ఆ రోజు నుంచి చెల్లెలు బస్సు దిగాక నేరుగా ఇంటికి వెళ్ళదు. ఇల్లు అతనికి తెలిసిందే అయినా, ఒక వీధి అటూ ఇటూ తిరిగి, వెనక ఎవరూ లేరని చూసుకుని వెళ్తుంది. ఇంట్లో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నర్సమ్మ తన తలుపు తీసిపెట్టుకుని, ఆమె వచ్చిందని చూశాకే మూసుకుంటుంది.

మ్యాపు మళ్ళీ తెరిచారు. ఇప్పుడందులో పోయినవాళ్ళ పేర్లు, తేదీలు తప్ప ఏమీ లేవు. అయినా తెరిచిన రోజున ఫోను మోగినప్పుడల్లా ఆమె అవతలి గొంతు విన్నాకే నోరు విప్పింది.

అక్క అప్పుడప్పుడూ చేస్తుంది. ప్రతిసారీ కొత్త నంబరు. ఎక్కువసేపు మాట్లాడదు. మొన్న చేసినప్పుడు పాప ముందు పన్ను ఊడిందని, కొత్త బడిలో దాన్ని చూపించి అందర్నీ భయపెడుతోందని చెప్పింది. చెల్లెలు నవ్వింది. అక్క కూడా నవ్వింది. అంతలో అక్క వెనకాల ఎక్కడో రైలు కూసింది, ఆ వెంటనే స్టేషను మైకులో ఎవరో ఏదో చదవడం మొదలుపెట్టారు.

చెల్లెలు గబుక్కున ఫోను చెవికి దూరంగా జరిపింది.

"అక్కా, పెట్టెయ్," అంది. "స్టేషను వినపడుతోంది. ఊరు పేరు చెప్తారేమో. పెట్టెయ్ ముందు."

అక్క పెట్టేసింది. చెల్లెలు మోగని ఫోను ఒళ్ళో పెట్టుకుని, తలుపు గడియ వేసి ఉందో లేదో ఇంకోసారి చూసుకుంది.